భయం ఉన్నా చేయించుకోగల పరీక్ష: గర్భాశయ ముఖద్వార స్క్రీనింగ్‌కు సిద్ధపడే విధానం

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందుగా పసిగట్టే పరీక్ష చేయించుకోమని చెబితే మన వైపు ఆడవారిలో ఎక్కువమంది నేరుగా వద్దనరు. సంక్రాంతి వెళ్లనివ్వమంటారు, పిల్లల పరీక్షలు అయిపోనివ్వమంటారు, మిర్చి కోతలు ముగియనివ్వమంటారు. ఆ వాయిదాల వెనుక అశ్రద్ధ కంటే సిగ్గు, నొప్పి భయం, ఏం తేలుతుందోనన్న దిగులు ఎక్కువగా ఉంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం దేశంలో 30 నుంచి 49 ఏళ్ల మధ్య వయసు స్త్రీలలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. ఇదే దేశంలో ఒక్క 2022 సంవత్సరంలోనే సుమారు లక్షా 27 వేల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చిందని, దాదాపు 80 వేల మంది దీనితో మరణించారని అంతర్జాతీయ అంచనాలు చెబుతున్నాయి. పరీక్ష అందుబాటులో లేకపోవడం ఇందుకు పెద్ద కారణమే అయినా, విజయవాడ, గుంటూరు వంటి చోట్ల, వీధికొక నర్సింగ్ హోమ్ ఉన్న పేటల్లో కూడా ఆడవారు వెనుకాడుతున్నారంటే అది దూరాభారం వల్ల కాదని ఒప్పుకోవాలి.

భయం పూర్తిగా పోయాక వెళదామనుకుంటే ఆ రోజు రాకపోవచ్చు. భయంతోనే వెళ్లవచ్చు, అయితే పరీక్ష గదిలో ఎవరుండాలి, ఎంత నెమ్మదిగా చేయాలి, ఎప్పుడు ఆపాలి అన్న విషయాలలో మాట తనదిగా ఉండేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఈ పరీక్షలో బాధపెట్టేది పరికరం ఒక్కటే కాదు. చెప్పకుండా, అడగకుండా మన శరీరం మీద పని జరిగిపోవడం అంతకంటే ఎక్కువ బాధపెడుతుంది. కింద చెప్పిన సూచనలలో చాలా భాగం ఆ రెండో బాధను తగ్గించడానికి ఉద్దేశించినవే.

ఆ గదిలో నిజంగా జరిగేది ఏమిటి

పరీక్షలు ప్రధానంగా మూడు రకాలు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఎక్కువగా చేసేది వయా పరీక్ష: గర్భాశయ ముఖద్వారానికి మూడు నుంచి ఐదు శాతం గాఢత గల ఎసిటిక్ ఆమ్లాన్ని దూదితో అద్ది, ఒక నిమిషం ఆగి, ఆ చోట తెల్లని మచ్చ ఏర్పడిందేమో కంటితో చూస్తారు. ఎసిటిక్ ఆమ్లమంటే వెనిగర్‌లో ఉండేదే. కాస్త చురుక్కుమనవచ్చు, ఆ మంట కొద్ది నిమిషాల్లో పోతుంది, ఫలితం కూడా అప్పుడే తెలుస్తుంది. రెండవది పాప్ స్మియర్, చిన్న బ్రష్‌తో ముఖద్వారం పైనున్న కణాలను సేకరించి ల్యాబ్‌కు పంపుతారు. మూడవది హెచ్‌పీవీ పరీక్ష, అదే విధంగా సేకరించిన నమూనాలో ఈ క్యాన్సర్‌కు మూలమైన హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) జాడ ఉందేమో చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు అన్నిటికంటే ముందు సిఫారసు చేస్తున్నది ఈ మూడవదాన్నే: 30 ఏళ్ల నుంచి మొదలుపెట్టి ఐదు నుంచి పదేళ్లకొకసారి. మన జాతీయ కార్యక్రమం మాత్రం 30 నుంచి 65 ఏళ్ల వారికి ఐదేళ్లకొకసారి వయా పరీక్ష చేయాలని నిర్దేశించింది.

మూడింటిలోనూ మొదటి అంచె ఒక్కటే. బల్ల మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి ఎడంగా ఉంచితే, డాక్టర్ గానీ శిక్షణ పొందిన నర్సు గానీ స్పెక్యులం అనే పరికరాన్ని యోనిలోకి మెల్లగా పోనిచ్చి, దాని రెండు రేకులను కాస్త తెరిచి, లోపలి ముఖద్వారం కనిపించేలా చేస్తారు. ఇందులో సూది లేదు, కత్తి లేదు, మత్తు అవసరం లేదు. పరికరం లోపల ఉండే సమయం మామూలుగా కొద్ది నిమిషాలే. మర బిగించేటప్పుడు వచ్చే లోహపు చప్పుడు, ప్లాస్టిక్‌దైతే టక్కుమనే శబ్దం, కొందరిని ఉలిక్కిపడేలా చేస్తాయి. ఆ శబ్దం రేకులు ఒక చోట నిలబడడానికే తప్ప దేన్నీ కోయడానికి కాదని ముందే తెలిసి ఉంటే ఆ క్షణం తేలికగా గడుస్తుంది. చాలామందికి ఒత్తిడి, నిండుగా ఉన్న భావన, బ్రష్ తగిలినప్పుడు నెలసరి నొప్పి లాంటి చిన్న మెలిక తెలుస్తాయి. కొందరికి నిజంగానే నొప్పి కలుగుతుంది. "ఏమీ ఉండదులే అమ్మా" అని చెప్పి పంపడం సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం, ఎందుకంటే నొప్పి తెలిసిన మరుక్షణం ఆ మాట చెప్పినవారి మీద నమ్మకం పోతుంది.

మన వైపు ప్రత్యేకంగా వినిపించే భయాలు

అన్నిటికంటే బలమైనది "పరీక్షకు వెళితే గర్భసంచి తీసేయమంటారు" అన్నది. ఈ భయం గాలిలోంచి పుట్టలేదు. గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెల్లబట్టకో, నడుం నొప్పికో వెళ్లి చిన్న వయసులోనే ఆపరేషన్ అయిన అత్తో, పిన్నో దాదాపు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు. అందుచేత ఒక విషయం స్పష్టంగా తెలుసుకుని వెళ్లాలి. స్క్రీనింగ్‌లో తేడా కనబడినంత మాత్రాన గర్భసంచి తీయవలసిన పని లేదు. తేడా ఉంటే తరువాతి మెట్టు సాధారణంగా కాల్పోస్కోపీ, అంటే ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో పరిశీలించడం, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షించడం. క్యాన్సర్‌కు ముందు దశలో ఉన్న మార్పులకు ఆ భాగాన్ని మాత్రమే వేడితో కాల్చడం, చల్లదనంతో గడ్డకట్టించడం లేదా తీగతో ఆ కాస్త మేర తొలగించడం వంటి చిన్న చికిత్సలు ఉన్నాయి. ఒక్క స్క్రీనింగ్ కాగితం చూసి ఎవరైనా గర్భసంచి తీయాలని చెబితే, ఆ కాగితం పట్టుకుని రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోవడానికి మొహమాటపడనక్కరలేదు.

ఈ సందర్భంలోనే మరొక మాట. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినవారు తమకు ఈ పరీక్షతో పని లేదనుకుంటారు. ఆ ఆపరేషన్‌లో కట్టేది నాళాలనే కనుక వారికీ పరీక్ష అవసరమే. కాపర్-టి ఉన్నవారికి అది జారిపోతుందన్న బెంగ అక్కరలేదు, ముందుగా చెబితే చాలు. గర్భసంచి తీయించుకున్నవారు మాత్రం తమ డిశ్చార్జి కాగితాన్ని డాక్టర్‌కు చూపించి, ముఖద్వారం కూడా తీశారా, ఎందుకోసం తీశారు అని తెలుసుకోవాలి. ముఖద్వారం మిగిలి ఉంటే పరీక్ష కూడా మిగిలే ఉంటుంది.

హెచ్‌పీవీ అన్న పేరు వినగానే ఇంట్లో అనుమానాలు మొదలవుతాయేమోనన్న భయం ఇంకొకటి, దీన్ని ఎవరూ పైకి అనరు. దాంపత్య జీవితం ఉన్నవారిలో అత్యధికులకు ఏదో ఒక దశలో సోకే వైరస్ ఇది; చాలామందిలో ఒకటి రెండేళ్లలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది; కొందరిలో ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా ఉండిపోతుంది. అందువల్ల పరీక్షలో బయటపడిన వైరస్ ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేరు. ఆ ఫలితం భార్య నడతకు గానీ భర్త నడతకు గానీ సాక్ష్యం కాదు. ఇక ఈ వైరస్ వల్ల క్యాన్సర్ రావాలంటే, రోగనిరోధక శక్తి మామూలుగా ఉన్నవారిలో సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. ఆ మధ్యకాలంలో పట్టుకోవడానికే ఈ పరీక్ష.

చోటు, రోజు, మనిషి

విజయవాడలో సూర్యారావుపేట, గవర్నర్‌పేట, గుంటూరులో కొత్తపేట చుట్టుపక్కల గైనకాలజిస్టుల క్లినిక్‌లకు కొదవ లేదు. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి, రెండు నగరాలకూ మధ్యనున్న మంగళగిరి ఎయిమ్స్ పెద్ద ప్రభుత్వ సంస్థలు. క్యాన్సర్ నిర్ధారణ వరకు వెళ్లవలసి వచ్చినవారికి గుంటూరు ఆసుపత్రి ఆవరణలోనే నాట్కో ట్రస్టు సాయంతో ఏర్పడిన క్యాన్సర్ కేంద్రం ఉంది. ఊళ్లలో ఉండేవారు ముందుగా ఏఎన్ఎంను గానీ ఆశా కార్యకర్తను గానీ అడిగితే వయా పరీక్ష దగ్గరలో ఎక్కడ, ఏ రోజు చేస్తారో చెబుతారు. భయం ఎక్కువగా ఉన్నవారు రద్దీ రోజు, రద్దీ వేళ కాకుండా తీరిక ఉండే సమయం అడిగి తీసుకోవడం మంచిది. ఓపీ వరండాలో మూడు గంటలు కూర్చున్నాక లోపలికి వెళ్లే మనిషి శరీరం అప్పటికే బిగుసుకుపోయి ఉంటుంది.

నెలసరి రోజులను తప్పించాలి. పరీక్షకు ముందు రెండు రోజులు దాంపత్య సంబంధానికి, యోనిలో పెట్టే మాత్రలకు, క్రీములకు దూరంగా ఉండాలి. శుభ్రత పేరుతో లోపలికి నీళ్లు కొట్టి కడగడం, డెట్టాల్ కలిపిన నీళ్లు వాడడం అసలు వద్దు, మామూలు స్నానం చాలు. రోమాలు తీసుకుని వెళ్లాలా అన్నది చాలామందికి అడగడానికి సిగ్గనిపించే ప్రశ్న. అక్కరలేదు, పైగా ముందు రాత్రి హడావిడిగా బ్లేడుతో గీసుకుని మంట పెట్టుకుంటే పరీక్ష మరింత ఇబ్బందిగా ఉంటుంది.

బట్టల సంగతి చిన్నదిగా కనిపించినా నా దృష్టిలో ఇది సగం సిగ్గును తగ్గించే ఏర్పాటు. చుడీదార్ వేసుకుంటే ప్యాంటు పూర్తిగా విప్పవలసి వస్తుంది. చీర, లంగా అయితే నడుం దాకా పైకి తీసుకుంటే సరిపోతుంది, ఒంటి మీద బట్ట ఉన్నట్టే ఉంటుంది. చీర అలవాటు లేనివారు వదులైన పొడవాటి స్కర్టు వేసుకోవచ్చు. ఒక పలుచని దుప్పటిని గానీ పెద్ద చున్నీని గానీ సంచిలో పెట్టుకుని వెళ్లి మోకాళ్ల మీద కప్పుకోవాలి. ఆసుపత్రిలో గుడ్డ ఇస్తారులే అనుకుని వెళ్లవద్దు.

ఇంకొక గందరగోళాన్ని ఇక్కడే తీర్చుకోవాలి. పొట్ట మీద స్కానింగ్‌కు వెళ్లేటప్పుడు నీళ్లు బాగా తాగి మూత్రం ఆపుకోమంటారు; ఈ పరీక్షకు దానికి సరిగ్గా వ్యతిరేకం, మూత్రవిసర్జన చేసి ఖాళీ పొత్తికడుపుతో పడుకోవాలి. రెండూ ఒకే రోజున ఉంటే స్కానింగ్ ముందు చేయించుకుని, బాత్రూముకు వెళ్లివచ్చి, ఆ తరువాత దీనికి వెళ్లాలి. ఆసుపత్రి మరుగుదొడ్లకు వెళ్లాల్సి వస్తుందని మే నెల ఎండలో కూడా ఉదయం నుంచి నీళ్లు తాగకుండా ఉండేవారు ఉన్నారు, ఆ నీరసానికి భయం తోడైతే బల్ల దిగేటప్పుడు కళ్లు తిరుగుతాయి. తేలికగా టిఫిన్ తిని, తగినంత నీళ్లు తాగి వెళ్లాలి. నొప్పి మాత్ర ముందుగా వేసుకోవచ్చునా అన్నది తమకున్న ఇతర జబ్బులను బట్టి డాక్టర్‌ను అడిగి నిర్ణయించుకోవాలి.

తోడుగా ఎవరిని తీసుకువెళ్లాలన్నది ఆలోచించవలసిన విషయమే. అక్కచెల్లెళ్లు, స్నేహితురాలు, ఎదిగిన కూతురు, వీరిలో ఎవరైనా సరే; తన ప్రసవాల కథలు వినిపించి కంగారుపెట్టే మనిషి మాత్రం కాకూడదు.

చెప్పవలసిన మాటలు

పరీక్ష గదిలో అడుగుపెట్టాక గొంతు పెగలని పరిస్థితి చాలామందికి ఎదురవుతుంది. అందుకే నాలుగు మాటలు ఇంటి దగ్గరే అనుకుని వెళ్లడం, కావాలంటే చీటీ మీద రాసి డాక్టర్ చేతికి ఇవ్వడం ఉత్తమం. బట్టలు సర్దుకోకముందే, కుర్చీలో కూర్చుని ఉన్నప్పుడే అవి చెప్పాలి. బల్ల మీద పడుకున్నాక చెప్పడం కష్టం.

మొదటిది: "మేడమ్, నాకు ఈ పరీక్ష అంటే చాలా భయంగా ఉంది. ఏం చేస్తున్నారో ముందు చెప్పి చేయండి." రెండవది: "చిన్న సైజు స్పెక్యులం వాడతారా?" ఆ పరికరం వేర్వేరు సైజుల్లో ఉంటుంది, సాధారణ కాన్పులు కానివారికి, ముట్లు ఆగిపోయినవారికి చిన్నది చాలావరకు సరిపోతుంది. ఏసీ గదిలో చల్లబడిన లోహపు పరికరాన్ని గోరువెచ్చని నీటిలో ముంచి వాడమని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు. మూడవది: "నేను చెయ్యి ఎత్తితే ఆపండి. మళ్లీ చెప్పాకనే మొదలుపెట్టండి." ఈ మాట అన్నిటికంటే ముఖ్యమైనది. చెయ్యి ఎత్తవలసిన అవసరమే రాకపోవచ్చు. ఎత్తితే ఆగుతారన్న హామీ ఒక్కటే శరీరపు బిగువును సడలిస్తుంది. నాలుగవది: "మా అక్కను లోపల ఉండనిస్తారా?" పరీక్షించేది పురుష డాక్టర్ అయితే మరొక స్త్రీ అక్కడ ఉండాలని కోరడం రోగి హక్కు, జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో కూడా అది ఉంది. తెర లేకపోతే తెర వేయమని, తలుపు దగ్గర ఆయమ్మలు, విద్యార్థులు అటూ ఇటూ తిరుగుతుంటే తలుపు మూయమని అడగవచ్చు. బోధనాసుపత్రులలో వైద్య విద్యార్థులు చూడడానికి నిలబడితే ఒప్పుకోవడమూ, వద్దనడమూ రెండూ మన ఇష్టమే, వద్దన్నందుకు పరీక్ష ఆగిపోకూడదు.

ఈ మాటలకు విసుక్కునే డాక్టర్లు ఉండరని చెప్పలేను. అరుపులు, వెటకారాలు విన్నవారు ఆ రోజు లేచి వచ్చేసి ఇంకొక చోట చేయించుకోవడంలో తప్పు లేదు. నెల రోజులు ఆలస్యమైనా నష్టం లేని పరీక్ష ఇది. పదేళ్లు ఆలస్యమైతే మాత్రం నష్టమే.

బల్ల మీద

బల్ల అంచు దాకా జరగమంటారు. కింద పడిపోతామనిపిస్తుంది గానీ పడరు, అంచు దాకా వస్తేనే పరికరం సరైన కోణంలో పోయి నొప్పి తక్కువగా ఉంటుంది. పరికరం తగలగానే నడుం పైకి లేపడం అందరికీ అసంకల్పితంగా జరిగేదే, అయితే నడుం లేచిన కొద్దీ లోపలి కండరాలు బిగుస్తాయి. కనుక పిరుదులను బరువుగా బల్లకు వదిలేయాలి. మోకాళ్లను బలవంతంగా చాపడానికి ప్రయత్నించకుండా వాటంతట అవే పక్కలకు వాలనివ్వాలి. పొత్తికడుపు కింది కండరాలను మూత్రం ఆపుకుంటున్నట్టు ఒక్కసారి గట్టిగా బిగించి పూర్తిగా వదిలితే, వదులుగా ఉండడమంటే ఏమిటో శరీరానికే తెలుస్తుంది. ఈ అభ్యాసం వారం ముందు నుంచీ ఇంట్లో పడుకుని చేసుకోవచ్చు.

ఊపిరి బిగపట్టకూడదు. వేడి కాఫీని ఊదుతున్నట్టు నోటితో మెల్లగా, పొడవుగా ఊదాలి. పరికరం లోపలికి వచ్చే క్షణం ఊపిరి వదిలే క్షణంతో కలిస్తే బిగువు తక్కువగా ఉంటుంది. ఇది గుర్తుండదనుకునేవారికి సులువైన మార్గం, అలవాటైన స్తోత్రమో, దువానో, కీర్తనో పెదవులు కదిలేలా చదువుకోవడం. దాని వల్ల మనసు నిలుస్తుందో లేదో గానీ, పైకి చదువుతున్నంతసేపూ ఊపిరి బయటికి వస్తూనే ఉంటుంది. కొందరికి కళ్లు మూసుకుంటే భయం పెరుగుతుంది. అలాంటివారు పైకప్పు ఫ్యానును చూస్తూ కాలి వేళ్లు కదుపుతూ ఉండవచ్చు. ఇంకొందరికి పరికరాన్ని ముందుగా చేత్తో పట్టుకుని చూస్తే, లేదా డాక్టర్ అనుమతితో దాని మొదటి భాగాన్ని తామే లోపలికి పోనిచ్చుకుంటే బెదురు తగ్గుతుంది. ఇవి రెండూ అడగదగినవే.

మోకాళ్ల నొప్పులు, తుంటి నొప్పులు ఉన్నవారికి వెల్లకిలా పడుకోవడమే పెద్ద పరీక్ష. ఎడమ పక్కకు ఒత్తిగిలి, మోకాళ్లు పొట్ట వైపు ముడుచుకుని కూడా ఈ పరీక్ష చేయవచ్చు. ఆ భంగిమలో ఎదురుగా ఎవరి ముఖమూ కనబడదు కనుక సిగ్గు ఎక్కువగా ఉన్నవారికి కూడా అది నచ్చుతుంది.

మరికొంత జాగ్రత్త అవసరమైనవారు

ముట్లు ఆగిపోయినవారిలో యోని లోపలి పొర పలచబడి, పొడిబారి ఉంటుంది. వారికి నొప్పి నిజంగానే ఎక్కువ. నీటి ఆధారిత జెల్‌ను కొద్దిగా వాడమని కోరాలి. గతంలో చాలా బాధ కలిగి ఉంటే, పరీక్షకు కొన్ని వారాల ముందు యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము తమకు తగునా అని డాక్టర్‌తో ముందుగానే మాట్లాడాలి, అది సొంతంగా మందుల షాపులో కొనుక్కోవలసినది కాదు.

భర్తతో కలయికే నొప్పిగా, అసాధ్యంగా ఉండేవారు, బాల్యంలో గానీ తరువాత గానీ లైంగిక హింసకు గురైనవారు ఈ పరీక్షలో ఒక్కసారిగా బిగుసుకుపోవడం, ఏడుపు రావడం, మనసు ఎటో వెళ్లిపోయినట్టు అనిపించడం సహజం. జరిగినదంతా డాక్టర్‌కు చెప్పనవసరం లేదు. "గతంలో నాకు చెడు అనుభవం ఉంది, నెమ్మదిగా చేయండి" అన్న ఒక్క వాక్యం చాలు. మొదటిసారి వెళ్లినప్పుడు మాట్లాడడం వరకే, రెండోసారి బల్ల మీద పడుకోవడం వరకే అని విడగొట్టుకోవచ్చు. ఇలాంటివారికి స్పెక్యులం లేకుండానే హెచ్‌పీవీ పరీక్ష చేయించుకునే మార్గం కూడా ఉంది: సన్నని పుల్ల లాంటి బ్రష్‌తో నమూనాను తామే, తెర చాటున, తీసుకుని ఇవ్వడం. దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. అన్ని చోట్లా దొరకదు కనుక ల్యాబ్‌కు ఫోన్ చేసి కనుక్కోవాలి. అందులో వైరస్ ఉన్నట్టు తేలితే మాత్రం ఆ తరువాత డాక్టర్ స్వయంగా చూడవలసి ఉంటుంది.

దాంపత్య జీవితం అసలు లేనివారికి ఈ ముప్పు చాలా తక్కువ; వారు పరీక్ష అవసరమా అన్నది డాక్టర్‌తో విడిగా మాట్లాడుకోవాలి. ఆ ప్రశ్నను తల్లి ముందో, అత్త ముందో వేసినప్పుడు నిజం చెప్పడం కష్టమైతే, ఒంటరిగా మాట్లాడాలని కోరవచ్చు. హెచ్‌పీవీ టీకా వేయించుకున్నవారికీ స్క్రీనింగ్ అవసరమే.

ఇదంతా ఏ లక్షణమూ లేనివారి కోసం చెప్పినది. కలయిక తరువాత రక్తం కనబడడం, నెలసరికీ నెలసరికీ మధ్య రక్తస్రావం, ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం, దుర్వాసనతో కూడిన తెల్లబట్ట ఉన్నవారు స్క్రీనింగ్ శిబిరం కోసం ఎదురుచూడకుండా నేరుగా గైనకాలజిస్టును కలవాలి.

తరువాత

బల్ల మీద నుంచి ఒక్కసారిగా లేవకూడదు; పక్కకు తిరిగి, కాళ్లు వేలాడేసి, ఒక నిమిషం కూర్చుని దిగాలి. ఒకటి రెండు రోజులు కొద్దిగా రక్తపు చుక్కలు కనబడవచ్చు కనుక ఒక ప్యాడ్ వెంట ఉంచుకోవాలి. నెలసరిని మించిన రక్తస్రావం, తగ్గని కడుపునొప్పి, జ్వరం ఉంటే తిరిగి వెళ్లాలి. మామూలుగా అయితే ఆ మధ్యాహ్నమే ఇంటి పనులు, ఉద్యోగం చేసుకోవచ్చు. గుండె దడ, చేతుల వణుకు పరీక్ష అయ్యాక కూడా కాసేపు ఉంటాయి. ఆటోలో ఒక్కరే వెళ్లిపోకుండా తోడు వచ్చిన మనిషితో పది నిమిషాలు ఎక్కడైనా కూర్చుని టీ తాగి బయలుదేరడం మేలు.

ఫలితం కోసం ఎదురుచూసే రోజులు కొందరికి పరీక్ష కంటే కష్టం. రిపోర్టు ఏ రోజు వస్తుంది, ఎవరు తీసుకోవాలి, ఎవరి ఫోన్‌కు సమాచారం పంపుతారు అన్న మూడు సంగతులు అక్కడే అడిగి, తన సొంత నంబరు రాయించుకోవాలి. ఇంట్లో ఉమ్మడిగా వాడే ఫోన్ నంబరు ఇస్తే ఆ కబురు ముందు ఎవరి కంట పడుతుందో చెప్పలేం. రిపోర్టులో "పాజిటివ్" అని ఉంటే క్యాన్సర్ ఉందని కాదు, మరొకసారి దగ్గరగా చూడాలని. నమూనా సరిపోలేదని వచ్చినా కంగారుపడకుండా మళ్లీ ఇవ్వాలి. అంతా సవ్యంగా ఉందని వస్తే ఆ కాగితాన్ని పారేయకుండా ఆధార్, రేషన్ కార్డులు దాచే చోటనే దాచి, తదుపరి పరీక్ష ఏ సంవత్సరంలో చేయించుకోవాలో, ఏ సైజు స్పెక్యులం, ఏ భంగిమ తనకు సుఖంగా అనిపించాయో దాని వెనుక రాసి పెట్టుకోవాలి.